ఊపిరి లెక్క

తెలుగువాడికి ఊపిరి మీద వున్నంత చనువు మరి దేనిమీదా లేదనుకుంటాను. పని ఎక్కువైతే ఊపిరి సలపడం లేదంటాం. పెళ్ళివారు బస్సెక్కి వెళ్ళిపోతే హమ్మయ్య, ఊపిరి పీల్చుకున్నామంటాం. సినిమాలో చివరి రీలు ఊపిరి బిగపట్టి చూస్తాం. ఎవరికైనా ఒక విద్యమీద మనసుంటే అదే వాడి ఊపిరి అంటాం. క్లాసులో జాతీయాల పాఠం వచ్చినప్పుడల్లా యీ మాటలన్నీ బోర్డుమీద వ్రాసి, పిల్లలచేత సొంతవాక్యాలు కట్టించడం నా ఉద్యోగంలో భాగం. కాని నాలుగేళ్ళ నుంచి మా యింట్లో యీ జాతీయాలు ఒక్కొక్కటే మూలపడిపోయినాయి. ఎవరూ వద్దనలేదు. మా నాన్నగారి ఎదుట ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, అంతే. ఒకనాడు మా ఆవిడ వంటింట్లోంచి "ఊపిరి సలపడం లేదత్తయ్యా" అనబోయి, మధ్యలోనే "తీరిక చిక్కడం లేదత్తయ్యా" అని దిద్దుకున్నది. సావిట్లో పడక్కుర్చీలో వున్న నాన్నగారు వినేశారు. "అనమ్మా, ఫరవాలేదు. ఇంట్లో నాకొక తోడు దొరికినట్టుంటుంది" అన్నారు.

నాన్నగారి జబ్బు పేరు ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్. ఆ పేరుకు నోరు తిరగడానికే మా అందరికీ వారం పట్టింది. మన ఊపిరితిత్తుల్లో గాలీ నెత్తురూ కలుసుకునే బుల్లి బుల్లి తిత్తులు దాదాపు ముప్ఫై కోట్లు వుంటాయట. వాటి గోడలు ఉల్లిపొరకంటె ఎంతో పల్చన. ఈ జబ్బులో ఆ గోడలు మచ్చకట్టి మందమెక్కిపోతాయి. కాలిన గాయం మానిన తరువాత చర్మం ఎల్లా బిగుసుకుంటుందో అల్లాగన్నమాట. గాలి లోపలికి వెడుతుంది గాని నెత్తురుకు అందదు. పైగా తిత్తి సాగదు. ఉబ్బసమైతే గొట్టాలు మూసుకుంటాయి, మందు పీలిస్తే తెరుచుకుంటాయి. ఇక్కడ గొట్టాలు నిక్షేపంగానే వుంటాయి. సంచీయే గట్టిపడిపోతుంది. పడ్డ మచ్చ తిరిగి మామూలు కావడమనేది లేదు. మచ్చ ముందుకు పోవడమే వుంది.

పేరులో మొదటిమాటకు వైద్యుల భాషలో కారణం తెలియనిదని అర్థం. డాక్టరుగారు యీ సంగతి చెప్పగానే నాన్నగారు, "అయితే పేరులో సగం 'మాకు తెలియదు' అని ఒప్పుకోవడమేనన్నమాట. బాగుంది, మనిషి పెద్దమనిషే" అన్నారు. ఆయన సహకార బ్యాంకులో ముప్ఫైనాలుగేళ్ళు లెక్కలు వ్రాసి రిటైరయినవారు. తెలియనిది తెలియదని చెప్పే మనిషంటే ఆయనకు గౌరవం.

అంతదాకా రావడానికి రెండేళ్ళు పట్టింది. దగ్గితే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకునే 2020 లో మొదలైంది ఆ పొడిదగ్గు. కరోనా కాదని పరీక్షలో తేలింది గాని దగ్గు పోలేదు. ముందొకాయన ఉబ్బసమన్నాడు, పీల్చే మందిచ్చాడు. ఎక్స్‌రేలో మసకలు చూసి ఇంకొకాయన క్షయ అన్నాడు. కఫంలో క్రిమి కనబడకపోయినా 2021 లో ఆరునెలలపాటు క్షయమందులు మింగించాడు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ మనసొప్పదు. ఇంత క్షయ వున్న దేశంలో, ఛాతీలో మసక కనిపిస్తే డాక్టరు బుద్ధి ముందు అటే పోతుంది. కాని ఆ ఆరునెలలూ మచ్చ తన పని తాను చేసుకుపోయింది. ఆ తరువాత మరొకరు స్టిరాయిడ్లు మొదలుపెట్టారు. ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి, నాన్నగారు అద్దం చూసుకుని, "వేషం బాగానే కుదిరింది, పద్యమే రావడం లేదు" అన్నారు.

ఏదో వుందని ముందుగా పట్టుకున్నది మా అమ్మ. ఎక్స్‌రే చూసి కాదు, గోళ్ళు చూసి. ఆదివారం నాడు ఆయనకు గోళ్ళు తీస్తూ, "ఏమిటండీ యివి, చిలకముక్కుల్లాగ వంగుతున్నాయి? వేళ్ళ కొసలు కూడా బొద్దుగా అవుతున్నాయి" అన్నది. మేము నవ్వేశాం. 2022 వేసవిలో గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరుగారు గదిలోకి రాగానే మొట్టమొదట చేసిన పని నాన్నగారి వేళ్ళు పట్టుకు చూడటం. తరువాత వీపుమీద, కింది భాగాన, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. నన్ను పిలిచి, "మీరూ వినండి" అన్నారు. రక్తపుపోటు చూసే పట్టీని ఊడదీసేటప్పుడు చర్రుమంటుందే, అచ్చంగా ఆ చప్పుడు, ఊపిరి తీసుకున్నప్పుడల్లా. 1816 లో పారిస్‌లో లెన్నెక్ అనే వైద్యుడు కాగితం చుట్టచుట్టి రోగి ఛాతీమీద పెట్టి విన్నాడు. అదే స్టెతస్కోపుకు మొదలు. రెండువందల ఏళ్ళ నాటి ఆ సాధనం అయిదు నిమిషాల్లో చెప్పగలిగినది, మాకు రెండేళ్ళూ చేతిసంచీ నిండా కాగితాలూ అయిన తరువాత వినబడింది. సీ.టీ. స్కానులో తిత్తుల అడుగుభాగం తేనెపట్టులాగ గళ్ళుగళ్ళుగా వుంది. వాళ్ళూ దాన్ని తేనెపట్టు అనే అంటారట.

ఆ డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు అన్నీయిన్నీ కావు. ఇంట్లో పావురాలున్నాయా? గాలి కూలరు వాడతారా, అందులో గడ్డి ఎన్నాళ్ళకు మారుస్తారు? ధాన్యం దుమ్ములో పనిచేశారా? కీళ్ళనొప్పులున్నాయా? ఏ మందులు వాడారు? నాకు విసుగు వచ్చింది గాని, కారణం తరువాత తెలిసింది. మన దేశంలో 27 ఆస్పత్రులలో వెయ్యిమందికి పైగా యీ జాతి రోగులను పరీక్షించి 2017 లో ఒక నివేదిక వేశారు. అందులో సగానికి దగ్గరగా మందికి వున్నది, పీల్చిన దుమ్మూ బూజూ రెట్టా పడక వచ్చిన వేరే రకం మచ్చ. కూలరు తడిగడ్డిలో పట్టే బూజుకూడా అనుమానితుల జాబితాలో వుంది. అది అయితే కారణాన్ని దూరం చేసి, స్టిరాయిడ్లు యిస్తే కొంత వెనక్కి తగ్గే అవకాశం వుంటుంది. నాన్నగారిది అది కాదని తేలింది. అంచేత స్టిరాయిడ్లు క్రమంగా మాన్పించారు. ఒకప్పుడు యీ జబ్బుకు స్టిరాయిడూ మరి రెండు మందులూ కలిపి యివ్వడం పరిపాటి అట. అమెరికాలో పరీక్ష పెట్టి చూస్తే, మందు తిన్నవాళ్ళలోనే చావులు ఎక్కువగా కనిపించాయి. 2012 లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

మందులు లేవా అంటే వున్నాయి. పిర్‌ఫెనిడోన్ ఒకటి, నిన్‌టెడానిబ్ ఒకటి. రెంటికీ 2014 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటిది మన దేశంలో 2010 నుంచే దొరుకుతున్నది. 2025 అక్టోబరులో అక్కడ నెరాండోమిలాస్ట్ అని మరొకదానికి కూడా అనుమతి యిచ్చారు. వీటిలో ఏదీ మచ్చను చెరపదు. మచ్చ నడకను నెమ్మది చేస్తుంది. డాక్టరుగారు యీ మాట ఎల్లా చెప్పాలా అని తడుముకుంటూంటే నాన్నగారే అందుకున్నారు: "అర్థమయిందండీ. అసలు తీరదు. వడ్డీ పెరగకుండా చూస్తుంది." డాక్టరుగారు ఆ పోలికను యిప్పుడు మిగతా రోగులకు కూడా చెబుతున్నారట.

ఈ వడ్డీ నెలకు 8,000 రూపాయల చిల్లర. మూడు నెలలకొకసారి కాలేయం పరీక్ష, ఊదే పరీక్ష, రానూపోనూ కారు ఖర్చు, నాకొక రోజు సెలవు. వైద్యభీమా వుంది. ఆస్పత్రిలో మంచమెక్కితే డబ్బిస్తుంది గాని, మంచమెక్కకుండా వుండటానికి యింట్లో మింగే మాత్రలకు పైసా యివ్వదు. దీన్ని కట్టే ముందు చిన్న అక్షరాలు చదివినది నాన్నగారే. "ఇల్లా వుందని తెలుసురా. నేను మాత్రం గుండెపోటుతో పోతాననుకుని కట్టాను" అన్నారు.

మాత్రలు అన్నం మధ్యలో వేసుకోవాలి. పప్పన్నం అయిన తరువాత మాత్ర, దానిమీద మజ్జిగన్నం. అయినా వికారం, నోటికి రుచిలేకపోవడం తప్పలేదు. గోంగూర అంటే ప్రాణం పెట్టే మనిషి కంచం ముందు కూర్చుని లోకాభిరామాయణం మొదలుపెట్టేవారు. ఎండ తగిలితే చర్మం కందిపోతుంది. తెనాలి ఎండ సంగతి చెప్పాలా? పొద్దున్నే గేటుదాకా వెళ్ళి పేపరు తెచ్చుకోవడానికి కూడా పొడుగుచేతుల చొక్కా, నెత్తిన తువ్వాలు. వీధిలోవాళ్ళు ఏదో దీక్ష పట్టారనుకున్నారు.

రెండో ఏడు వైశాఖంలో అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. ఆమె పూర్వం పాలలెక్క వ్రాసుకునే రూళ్ళ పుస్తకంలోనే యిప్పుడు మందుల లెక్క వ్రాస్తుంది. నెలాఖరుకు డబ్బాలో మాత్రలు అయిపోవాలి కదా, ఇరవైఏడు మిగిలినాయి. ఆమె ఎవరితోనూ అనలేదు. మరుసటి నెల మళ్ళీ లెక్కపెట్టింది. నలభై మిగిలినాయి. అప్పుడు డబ్బా, పుస్తకం తీసుకుని ఆయన పడక్కుర్చీ పక్కన కూర్చుంది. "మీ బ్యాంకులో ఒకరు వ్రాసిన లెక్క యింకొకరు సరిచూడరటండీ?" అన్నది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మనవరాలి ఫీజు కట్టాలి. తీరని బాకీకి యింత వడ్డీ ఏమిటి?" అన్నారు.

"మీరు మానేస్తే మిగిలేది డబ్బు. దాన్ని నేనేం చేసుకోను?" అని ఆమె మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆ తరువాత ఆ ప్రసక్తి మా యింట్లో రాలేదు. నేను వసారాలో పరీక్షపేపర్లు దిద్దుతున్నాను. మార్కులు రెండుసార్లు కూడవలసి వచ్చింది.

2023 నవంబరులో ఆక్సిజన్ వచ్చింది మా యింటికి. వచ్చింది అనడమే సబబు, ఎందుకంటే అది ఒక మనిషిలాగానే వచ్చి సావిట్లో ఒక మూల ఆక్రమించుకుంది. చక్రాల పెట్టె. గదిలో గాలినే లోపలికి తీసుకుని, జియోలైట్ అనే ఒక ఖనిజపు జల్లెడలో నత్రజనిని పట్టి వుంచి, మిగిలిన ప్రాణవాయువును సన్నగొట్టంలోంచి ముక్కుకు పంపుతుంది. నూటికి 21 పాళ్ళున్న ప్రాణవాయువును తొంభై దాటిస్తుంది. కొద్దిసేపటికొకసారి బుస్సుమంటుంది. మొదటి వారం ఎవరికీ నిద్రలేదు. రెండో వారం నుంచి అది ఆగితే మెలకువ వస్తున్నది. గొట్టం యాభై అడుగులు. నాన్నగారు ఎక్కడున్నారో కనుక్కోవాలంటే గొట్టం పట్టుకుని వెడితే చాలు. మా చిన్నవాడు దాన్ని తొక్కినప్పుడల్లా తాతగారు ఉలిక్కిపడ్డట్టు నటిస్తారు. వాడు యిప్పుడు కావాలనే తొక్కుతున్నాడు.

యాభైవేల చిల్లర పెట్టి కొన్న యంత్రం సంగతి అల్లా వుంచండి. అది తినే కరెంటు సంగతి ఎవరూ ముందు చెప్పరు. 350 వాట్లు, రాత్రింబగళ్ళు నడిస్తే రోజుకు ఎనిమిది యూనిట్ల పైమాట. నెలకు దాదాపు 250. యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కనుక, బిల్లు మెట్లెక్కింది. ఇంట్లో మెట్లెక్కగలిగినది అదొక్కటే అన్నారు నాన్నగారు.

కరెంటు పోతే? ఆ ప్రశ్నకు సమాధానం నెల తిరక్కుండానే వచ్చింది. డిసెంబరు 5 న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకూ బాపట్లకూ ఎంత దూరం! మధ్యాహ్నం పోయిన కరెంటు మర్నాటిదాకా లేదు. ఇన్వర్టరు ఆ యంత్రాన్ని మూడు గంటలకు మించి మోయదు. చిన్న సిలిండర్లు రెండు తెచ్చి వుంచాం. ఒక్కొక్క దానిలో 1500 లీటర్ల వాయువు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. రెండూ కలిపి ఇరవైఅయిదు. ఈ భాగారాలు నాన్నగారు కొవ్వొత్తి వెలుగులో, కొవ్వొత్తిని సావిడి అవతలి చివర పెట్టించి, తానే చేశారు. కాగితం నా చేతికిచ్చి, "సరిచూడు. నువ్వు తెలుగువాడివి, లెక్కలు నమ్మలేం" అన్నారు. బయట కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడు. అమ్మ తాటాకు విసనకర్రతో ఆయన మొహానికి విసురుతూ కూర్చుంది. మొహానికి గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టుంటుందనీ, చిన్న పంకా దగ్గర పెట్టుకోమనీ ఆ తరువాత డాక్టరుగారు కూడా చెప్పారు. అది వుత్త భ్రమ కాదు, పరీక్షలు చేసి చూసిన సంగతేనట. అమ్మకు ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదో గంటలో కరెంటు వచ్చింది. రెండో సిలిండరు ముల్లు సగంమీద వుంది.

కొవ్వొత్తి దూరంగా ఎందుకంటారేమో. ప్రాణవాయువు దానంతటది మండదు గాని, మంటకు ఆజ్యం పోస్తుంది. ముక్కుకు గొట్టమున్న మనిషికి పది అడుగుల లోపల నిప్పు వుండకూడదు. చుట్టలు, సిగరెట్లు సరే, మా యింట్లో నాటకాలరోజుల తరువాత ఎవరూ ముట్టలేదు. వంటింటి పొయ్యి కూడా దూరమే. చిక్కల్లా దేవుడి అలమారుతో వచ్చింది. అది సావిట్లో, నాన్నగారి కుర్చీకి ఎదురుగా, మా బామ్మగారి నాటినుంచీ వుంది. ఉభయసంధ్యలా దీపం పెట్టడం అమ్మకు నలభైఎనిమిదేళ్ళ అలవాటు. కార్తీకమాసం కూడా అప్పుడే నడుస్తున్నది. కుర్చీ మారుద్దామంటే నాన్నగారికి గాలి వచ్చే చోటు అదొక్కటే. అమ్మ ఒక్కపూట ఆలోచించింది. సాయంత్రానికి దేవుణ్ణి వెనక గదిలో బియ్యండబ్బాల పక్కకు మార్చింది. "ఆయన ఎక్కడైనా వుండగలడు" అన్నది. అగరువత్తులూ మానేసింది. కర్పూరహారతి పెరట్లో తులసికోట దగ్గర యిస్తుంది.

రోగి ఒకరే అయినా జబ్బు యింటిల్లిపాదికీ వుంటుందని యిప్పుడు తెలుస్తున్నది. అందులో సింహభాగం మా అమ్మది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నిద్రలో వున్నాయన వేలికి ఆక్సీమీటరు తగిలించి అంకె చూస్తుంది. ఆ చిన్న సాధనం వెనక వున్న ఊహ జపాను ఇంజనీరు తకువో అవొయాగిది, 1974 నాటిది. 2021 లో ఆక్సిజన్ కోసం దేశమంతా తల్లడిల్లినప్పుడు ఊరంతా కొన్నట్టే మేమూ కొన్నాం. అది పోయాక చాలామంది అలమారుల్లో పడేశారు. మాది యింకా డ్యూటీలోనే వుంది. 95 దాటితే మామూలు మనిషి. 88 కి దిగితే ఆక్సిజన్ పెంచాలి. పుస్తకంలో ఆ అంకెలు పొద్దున్న, స్నానం తరువాత, భోజనం తరువాత. స్నానం అన్నిటికంటె గొడ్డు చాకిరీ. ఎనభైలోకి దిగిపోతుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులని మాకు తెలిసినది, ఆ పుస్తకంలోనే చివరి పేజీలో 'నాకు మోకాలి తైలం' అని ఖర్చుల్లో వ్రాసి వుంటే. ఆమెకు కాస్త తెరిపి యిద్దామని మా ఆవిడ రాత్రి వంతు తాను తీసుకున్నది. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, తానుకూడా లేస్తున్నది.

పరామర్శలకు వచ్చేవారి గురించి ఒక సంచిక నిండా వ్రాయవచ్చు. మృగశిర కార్తె రాగానే హైదరాబాదు చేపమందు గురించి కనీసం నలుగురు చెబుతారు. శాకాహారులకు బెల్లంలో పెట్టి యిస్తారట కూడాను. అది ఉబ్బసానికండీ, యిది ఉబ్బసం కాదండీ అంటే, "ఏదైనా ఆయాసమే కదా" అంటారు. ప్రాణాయామం చేస్తే మచ్చలు కరుగుతాయన్న ఆయన ఒకరు. డాక్టరుగారు చెప్పిన శ్వాస వ్యాయామాలు నాన్నగారు రోజూ చేస్తారు, వాటివల్ల వున్న ఊపిరిని పొదుపుగా వాడుకోవడం అలవాటవుతుంది గాని మచ్చ కరగదు. ఊపిరితిత్తుల మార్పిడి సంగతీ అడిగాం. ఆ వయసు దాటిందన్నారు. ఆ మాట అక్కడితో వదిలేశాం. జలుబుతో పరామర్శకు వచ్చేవారిని మాత్రం అమ్మ గేటు దగ్గరే ఆపేస్తుంది. ఫ్లూ టీకా ఏటా వేయిస్తున్నాం, న్యుమోనియా టీకా కూడా వేయించాం. ఐనా ఒక చిన్న జలుబు యీ జబ్బులో ఎంతపని చేయగలదో ఒకసారి చూశాం. పన్నెండు రోజులు ఆస్పత్రిలో వున్నారు.

ఆస్పత్రిలో ఊపిరికి కొలత లీటర్లు. బలంగా ఊదమంటారు, యంత్రం అంకె వేస్తుంది. మొదటి ఏడు 2.2 లీటర్లు, తరువాత 1.9, యిప్పుడు 1.6. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. 380 మీటర్లనుంచి 260 కి వచ్చింది. ఇవి వాళ్ళ లెక్కలు. మా యింట్లో వేరే లెక్క వుంది.

నాన్నగారు వయసులో వుండగా చుట్టుపక్కల ఊళ్ళల్లో పద్యనాటకాలు వేసేవారు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలలో కృష్ణుడు. ఉద్యోగం గుమాస్తా, వేషం కృష్ణుడు. అటువంటివాళ్ళు మా తెనాలి ప్రాంతంలో వీధికొకరు వుండేవారు. పద్యం ఎత్తుకుంటే హార్మనీవాడు వెనకబడవలసిందే. ఒక్కొక్క పాదం ఒక్క గుక్కలో చదివి, చివర రాగం తీస్తే పందిట్లో నిశ్శబ్దం. శార్దూలం పాదానికి 19 అక్షరాలు, ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21. నేను ఎం.ఏ. లో గణాలు లెక్కపెట్టి నేర్చుకున్న ఛందస్సు ఆయన ఊపిరితో కొలిచి నేర్చుకున్నారు.

జబ్బు మొదట్లో రాగం పోయింది. పాదం మాత్రం ఒక్క గుక్కలో వచ్చేది. మరుసటేడు పాదం మధ్యలో ఆగవలసి వచ్చింది. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి. సంస్కృతంలో యతి అంటే విరామం. క్లాసులో యీ తేడా ప్రతి ఏడూ చెబుతాను. నాన్నగారు ఒకనాడు ఉత్పలమాల పదో అక్షరం దగ్గరకు వస్తూ ఆగి, గొట్టంలోంచి రెండు గుక్కలు పీల్చి, "మనం సంస్కృతంలోకి వచ్చేశాంరా" అన్నారు. శార్దూలంలో యతిస్థానం పదమూడో అక్షరం, మత్తేభంలో పద్నాలుగు. అంతదూరం యిప్పుడు పోలేరు. అంచేత వృత్తాలు మాని, కందాలకూ ఆటవెలదులకూ దిగారు. స్పైరోమీటరు వాళ్ళు చెప్పకముందే యీ సంగతి మాకు తెలిసింది. సాయంకాలం మా చిన్నవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆటవెలది చెబుతారు. ఒక పాదం ఆయన, ఒక పాదం వాడు. వాడు తన వంతుకు తొందరపడితే, "ఆగరా, గాలి రానీ" అంటారు.

ఈ ఏడు వేసవిలో డాక్టరుగారు మా ముగ్గురినీ, అంటే నాన్నగారిని, అమ్మను, నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి మాట్లాడారు. ఈ జబ్బు ఒకనాడు ఉన్నట్టుండి రెచ్చిపోవచ్చు. అప్పుడు వెంటిలేటరు పెట్టితే, యీ జబ్బులో దానినుంచి బయటపడేవారు బహుతక్కువ. పెట్టాలో వద్దో ఆ రాత్రివేళ, ఆస్పత్రి వరండాలో, కొడుకు నిర్ణయించవలసి వస్తుంది. దానికంటె యిప్పుడే, బుద్ధి స్థిమితంగా వున్నప్పుడు, ఆయనే చెబితే నయం. 2018 మార్చిలో సుప్రీంకోర్టు యిల్లా ముందుగా వ్రాసిపెట్టే హక్కు మనిషికి వుందన్నది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీగాని గెజిటెడ్ అధికారిగాని వుంటే చాలు.

నేను నేలచూపులు చూస్తున్నాను. అమ్మ పవిటచెంగు మెలిపెడుతున్నది. నాన్నగారు మాత్రం అప్పుపత్రం పరిశీలించేవాడిలాగ ఒక్కొక్కటే అడిగారు. వెంటిలేటరు వద్దంటే మందులు కూడా ఆపేస్తారా? ఆపరు. ఆయాసానికి ఏమిస్తారు? చిన్న మోతాదులో మార్ఫిన్ యిస్తే ఊపిరాడని బాధ తగ్గుతుందన్నారు డాక్టరుగారు. 2014 లో చట్టం సవరించాక అది దొరకడం కాస్త సులువయిందట. ఇంట్లోనే వుండవచ్చా? వుండవచ్చు. మనసు మారితే? కాగితం మార్చుకోవచ్చు. "అయితే సరే. ప్రోనోటుకంటె మేలు" అన్నారు.

కాగితం తెలుగులో వ్రాయమన్నారు నన్ను. నాకు యిరవైఏళ్ళుగా వ్యాసరచన నేర్పడం వృత్తి. ఒక పేజీ వ్రాయడానికి మూడు రాత్రులు పట్టింది. "నయమయ్యే ఆశ లేనప్పుడు" అని మొదలుపెట్టి తీసుకువెడితే, నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని చదివి, 'ఆశ' కొట్టేసి 'అవకాశం' అని వ్రాశారు. "ఆశ నా యిష్టం. వాళ్ళు చూడవలసింది అవకాశం" అన్నారు. చివర తానే ఒక వాక్యం చేర్చారు: నా భార్యను నా పక్కన వుండనివ్వవలెను. ఆస్పత్రిలో వున్న ఆ పన్నెండు రోజుల్లో ఆమెను అద్దాల తలుపు అవతల నిలబెట్టారు. అది ఆయన మరిచిపోలేదు.

నోటరీగారి గది మేడమీద. మెట్లు పదిహేడు. ముందే ఫోనుచేసి సంగతి చెబితే ఆయన పుస్తకం, ముద్ర పట్టుకుని తానే దిగివచ్చారు. కారు తలుపు తెరిచి, సీటులోనే, ఒళ్ళో అట్ట పెట్టుకుని నాన్నగారు సంతకం చేశారు. బ్యాంకు సంతకం, కింద గీతతో సహా. సాక్షులు యిద్దరూ ఆయనతో ఒకప్పుడు పద్యాలు పాడినవాళ్ళే. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూంటే, "సంతకం చెరిగిపోతుందోయ్, అవతలికి తిరుగు" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి పన్నెండయింది. సిలిండరులో యింకా సగం వుంది. అమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, యంత్రం గొట్టం మార్చి, విసనకర్ర అందుకుంది. పావుగంట పోయిన తరువాత వేలికి ఆక్సీమీటరు పెట్టి, పుస్తకం తీసి, ఆ తేదీ కింద 91 అని వ్రాసుకుంది.